భర్తవ్యులు, నిరంశకులు: స్థానికపాలన శాసనములయం దంగవికలుర స్థానము

శాసనములును వాఙ్మయమే. ధర్మశాస్త్రములను, వాని వ్యాఖ్యలను, నిబంధగ్రంథములను బరిశోధించుట సాహిత్యపరిషత్తుల కుచితమైన పనియే యని యెల్లరు నంగీకరింతురు. కాని మన కాలమున శాసనసభలు చేసిన చట్టములను నట్లే పదపదము విడఁదీసి చదువుట మనలోఁ దక్కువ. అవి న్యాయవాదుల సొత్తని విడిచిపెట్టితిమి. యాజ్ఞవల్క్యస్మృతిలోని యొక సమాసమునకు నాలుగు పుటల వ్యాఖ్య వ్రాయుదుము; గ్రామపంచాయతికి అధికారము నొసఁగు రాజ్యాంగవాక్యమునందలి క్రియాపదమును గూర్చి నాలుగు మాటలు వ్రాయము. ఆ క్రియాపదము ననుసరించి బ్రదుకువా రెందఱో కలరు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి మన దేశమున నంగవికలురు 2 కోట్ల 68 లక్షలమంది. అనఁగా మొత్తము జనులలో నూటికి 2.21 వంతు. వారిలో 1 కోటి 86 లక్షలమంది పల్లెలవారు. కావున వీరి సంగతి ప్రధానముగా గ్రామసభ సంగతియే. స్థానికపాలనశాసనములు వీరిని ఏమని పిలిచినవి, ఏ విభక్తిలో నిలిపినవి యను విచారమే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా రెండు పదములు. యాజ్ఞవల్క్యుఁడు వ్యవహారాధ్యాయమున దాయవిభాగమును జెప్పుచు, క్లీబుఁడు, పతితుఁడు, పతితుని కొడుకు, పంగువు, ఉన్మత్తుఁడు, జడుఁడు, అంధుఁడు, మానని రోగము గలవాఁడు మొదలగువారిని లెక్కించి, వీరు భర్తవ్యులు, నిరంశకులు నని విధించెను. అనఁగా పోషింపఁదగినవారు, పాలు లేనివారు. మనువు తొమ్మిదవ యధ్యాయమున నించుమించుగా నీ పట్టికనే యిచ్చి, అందుఁ బుట్టుగ్రుడ్డిని, చెవిటిని, మూఁగను జేర్చి, వీరికిఁ గడవఱకు గ్రాసాచ్ఛాదనముల నీయవలయుననియు, ఈయనివాఁడు పతితుఁ డగుననియుఁ జెప్పెను. కౌటిల్యుఁడును జడుని, ఉన్మత్తుని, అంధుని, కుష్ఠిని దాయమునుండి తొలఁగించి, వారికిఁ దిండియు బట్టయుఁ గల్పించెను.

ఈ వాక్యములను జదువువారు మనలో రెండు తెగలు. ప్రాచీనులు దయాళువులని నిరూపింపఁదలఁచువారు 'భర్తవ్యులు' అను పదమును జూపుదురు. వారు క్రూరులని నిరూపింపఁదలఁచువారు 'నిరంశకులు' అను పదమును జూపుదురు. ఇరువురును వాక్యమున సగము మాత్రమే చదువుచున్నారు. ఈ రెండు పదములు నొకే కర్తకు విధేయములై, ఒకే వాక్యమున నిలిచియున్నవి. దయ యొకచోటను, నిరాకరణము మఱియొకచోటను గలుగలేదు. భరణ మిచ్చుటయే యంశము నీయకుండుటకు మూల్యమైనది. అంశము గలవానికి భరణముతోఁ బనిలేదు. భరణము స్వీకరించువాఁ డంశ మడుగరాదు. ఈ సంబంధమును గుర్తింపక స్మృతులను మెచ్చుకొన్నను, నిందించినను ఫలము లేదు. ఇది యొక నిర్మాణము. దీనికిఁ గాలానుగుణముగా వేషములు మాఱును గాని యెముకలు మాఱవు.

కల్యాణపురమునఁ జాళుక్య విక్రమాదిత్యుని కాలమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుఁడు ఈ నిర్మాణము బిగువును గొంత సడలించెను. విభాగమునకు ముందే దోష మున్నచో నంశము లేదు గాని, విభాగమైన పిమ్మట దోషము గలిగినచో నిచ్చిన యంశమును దిరిగి తీసికొనరాదని యాతఁడు చెప్పెను. ఔషధాదులచే దోషము తొలఁగినచో, విభాగానంతరమునఁ బుట్టిన కొడుకునకువలె వానికి నంశము గలదని నిర్ణయించెను. ఈ రెండవ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలయును. ముందు దీనితోఁ బనియున్నది. ధనము యజ్ఞార్థమే పుట్టినదనియు, యాగాధికారము లేనివానికి ధనముతోఁ బనిలేదనియు వాదించువారిని విజ్ఞానేశ్వరుఁడు పత్నీదాయప్రకరణమున ఖండించెను. ధనమునకు దానాది ప్రయోజనములును గలవనెను. ఎంత గట్టి వాదము! కాని దానినే అంధపంగువుల ప్రకరణమువఱకుఁ గొనిపోలేదు. విధవకై తెఱచిన తలుపు గ్రుడ్డివానికిఁ దెఱవఁబడలేదు. ఈ గ్రంథమును 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయ మను పేరఁ దెనిఁగించెను. కావున నీ దాయచర్చ సంస్కృతపండితుల గోష్ఠికే పరిమితము గాక తెలుఁగు పద్యములనుగూడఁ జేరినది.

ఆస్తికి సంబంధించిన నిరంశకత్వమును దొలఁగించుటకు నిరువదియవ శతాబ్ది రావలసివచ్చినది. 1928వ సంవత్సరపు 12వ చట్టము, పుట్టుకతో నున్మత్తుఁడో జడుఁడో యైనవాఁడు తప్ప, తక్కిన యెవ్వరును రోగముచేతఁ గాని, వైకల్యముచేతఁ గాని దాయమునకు దూరులు గారని విధించెను. దాయభాగధర్మము ననుసరించు వంగదేశీయుల కది వర్తింపలేదు. మిగిలిన యా మినహాయింపును 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 28వ విభాగమునఁ దీసివేసినది. ఇంతటితో యాజ్ఞవల్క్యుని పట్టిక ఆస్తివిషయమున రద్దయ్యెను. పండితులలోఁ బలువు రీ చరిత్ర నిచ్చటనే ముగింతురు.

అది తొందరపాటు. అంశమనఁగా నాస్తిలోఁ బాలు మాత్రమే కాదు. ఊరిసభలోఁ గూర్చుండి యూరి సొమ్ము వ్యయమును నిర్ణయించుటయు నంశమే. ఆ యంశమును బంచిపెట్టు శాసనములలోనికి నీ పట్టిక మఱియొక దారిని వచ్చి చేరినది. 1920వ సంవత్సరపు మదరాసు జిల్లా పురపాలకశాసనము నాఁటి సర్కారు జిల్లాల పురములకును, రాయలసీమ పురములకును వర్తించినది. అందు సభ్యత్వమునకుఁ దగనివారిలో మతి స్థిమితము లేనివాఁడు, చెవిటిమూఁగవాఁడు, కుష్ఠి యని యొక పంక్తి గలదు. దాని చెంతనే దివాలా యెత్తినవాఁడు గలఁడు. ఉన్మత్తుఁడు, బధిరుఁడు, మూకుఁడు, కుష్ఠి! మను కౌటిల్యుల పట్టికలనుండి యేఱి కూర్చినట్లే యున్నది. అయినను నీ పోలికనుబట్టి దొరలు మన స్మృతులను జూచి యీ పంక్తి వ్రాసిరనుట పరిశోధకునకుఁ దగదు. వారి దేశపు న్యాయసంప్రదాయమునందును నిట్టి మినహాయింపు లుండెను. గమనింపవలసినది వేఱు. రెండు సంప్రదాయములును అంగవికలుని ఋణగ్రస్తునితోఁ గాని, పతితునితోఁ గాని యొకే బంతిలోఁ గూర్చుండఁబెట్టినవి. ఒకటి కర్మచేతఁ గలిగిన యనర్హత, మఱియొకటి దేహముచేతఁ గలిగినది. ఆ రెంటికి నడుమ వ్యాఖ్యాత గీయవలసిన గీఁత నెవ్వరును గీయలేదు.

ఈ పంక్తికిఁ బోలిన పంక్తులు స్వాతంత్ర్యానంతరము వచ్చిన రాష్ట్రశాసనములలోఁ బెక్కింట నిలిచినవి. 1950వ సంవత్సరపు ఒడిస్సా పురపాలకశాసనము కుష్ఠరోగిని, క్షయరోగిని సభ్యత్వమునకుఁ దగనివారినిగాఁ జెప్పినది. ఎన్నికైన యొక సభ్యుఁ డీ కారణమునఁ బదవి కోలుపోయి సుప్రీంకోర్టు వఱకుఁ బోయెను. 2008వ సంవత్సరము సెప్టెంబరులో న్యాయస్థానము, ఆ విభజనము రాజ్యాంగవిరుద్ధము గాదని శాసనమును నిలిపెను. కాని వైద్యశాస్త్ర మింత ముందునకుఁ బోయిన కాలమున నిట్టి నిబంధన లుంచవలయునా యని శాసనసభలు గట్టిగా నాలోచింపవలెనని హితవు పలికెను. ఇచ్చట విజ్ఞానేశ్వరుని జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. ఔషధముచే మానిన రోగికి నంశము గలదని యాతఁడు తొమ్మిది శతాబ్దులకుఁ బూర్వము వ్రాసెను. 1980వ దశకమునుండి బహుళౌషధచికిత్సచే కుష్ఠము మాను రోగమైనది. అయినను 21వ శతాబ్దిలో శాసనపాఠమే వ్యాఖ్యాతకన్న వెనుకఁ బడియుండెను. 2015లో లా కమిషను తన 256వ నివేదికయందు కుష్ఠబాధితులపై వివక్ష చూపు నిబంధనలను బరిశీలించి, వానిని దొలఁగింపవలెనని సిఫారసు చేసెను. 1898వ సంవత్సరపు కుష్ఠరోగుల చట్టము 2016లో రద్దయ్యెను. కుష్ఠమును విడాకులకుఁ గారణముగాఁ జూపు నిబంధనలు 2019లోఁ దొలఁగినవి. స్థానికసంఘముల శాసనములలో నిట్టి మాటలు కొన్ని రాష్ట్రములలోఁ గొట్టివేయఁబడినవి. అది యొక్కసారిగా గాక, తడవకొకచోటఁ, దడవకొక పదముగా జరిగినది.

చెవిటిమూఁగవారి విషయము మఱింత చిత్రము. సభ యనునది వాగ్వ్యవహారము. వాక్కు లేనివాఁ డందేమి చేయును అనునదియే యీ నిషేధమునకు హేతువై యుండవలెను. కాని చేతులతో మాటాడు భాష యొక భాషయే యనియు, దానికి వ్యాకరణము గలదనియు నిప్పుడు భాషాశాస్త్రజ్ఞు లొప్పుకొనిన విషయము. భారతీయ సంకేతభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2015లో ఢిల్లీయం దేర్పడినది. మాటకు మాట చెప్పు దుబాసి యొకఁ డుండినచో సభకు లోప మేమి? వేఱు భాషవారు సభకు వచ్చినపుడు దుబాసిని బెట్టుకొనమా? నిషేధించిన వాక్యము దేహలోపమును బట్టి నిషేధించినట్లు పైకిఁ గనఁబడును గాని, నిజముగా సభవారి భాషాపరిమితి చేతనే నిషేధించినది.

ఇచ్చట వ్యాకరణమునకు రావలసియున్నది. పాఠశాలాపండితు లెల్లరు నెఱిఁగిన పాణిని సూత్ర మొకటి కలదు (2.3.20). ఏ యవయవముచే నవయవి వికారము దెలియునో యా యవయవమునకుఁ దృతీయ వచ్చును. కంటిచేఁ గాణుఁడు, కాలిచేఁ గుంటివాఁడు అని యుదాహరణములు. మూఁడు సూత్రముల పిమ్మట హేతువునకుఁ దృతీయ విధింపఁబడినది (2.3.23). ఈ రెండు తృతీయలను జేర్చి చూడఁగా నొక యర్థము స్ఫురించును. వికారము కంటిది, మనుష్యుఁ డా వికారముచేఁ దెలియఁబడువాఁడే గాని యతఁడే వికారము గాఁడు. మఱి యతఁడు సభకు రాలేకపోయినచో హేతు వేది? కాలా, సభామందిరము మెట్లా? 2016వ సంవత్సరపు అంగవికలుర హక్కుల చట్టము చేసిన నిర్వచనము (2వ విభాగము) సరిగా నీ ప్రశ్నకే సమాధానము. దీర్ఘకాలికమైన శారీర, మానస, బౌద్ధిక, ఐంద్రియక లోపము, అవరోధములతోఁ గూడి, తక్కినవారితో సమానముగా సంఘమునఁ బాల్గొనుట కడ్డు పడినవాఁడే యంగవికలుఁ డని యా చట్టము చెప్పుచున్నది. ఒక లోపము, ఒక యవరోధము: రెండు తృతీయలు. 1995వ సంవత్సరపు చట్టమున మొదటి తృతీయ మాత్రమే యుండెను. అది యేడు వైకల్యములను లెక్కించి వైద్యుని నూటికింత యను లెక్కకు నప్పగించెను. 2016వ సంవత్సరపు చట్టము పట్టికను 21కిఁ బెంచినది. కాని దాని గొప్పతనము పట్టిక పెరుఁగుటలో లేదు, రెండవ తృతీయ చేరుటలోఁ గలదు. అవరోధము కట్టడముది, దారిది, కాగితముది యైనపుడు దానిని దొలఁగింపవలసినవాఁ డెవఁడు? ఊరిదారులు, ఊరి కట్టడములు చేతిలోఁ గలవాఁడు. అనఁగా పంచాయతి, పురపాలకసంఘము.

పేరు సంగతి. అంగవికలుఁడు, వికలాంగుఁడు అను పదములకు బదులుగా 2015 డిసెంబరులో ప్రధానమంత్రి 'దివ్యాంగ' పదమును సూచించిరి. కేంద్రశాఖ హిందీ పేరు దాని ననుసరించి మాఱినది. ఆంధ్రప్రదేశమున 'విభిన్న ప్రతిభావంతులు' అను మాట శాఖ పేరులోఁ జేరినది. ఉద్దేశము మంచిదే, సందేహము లేదు. అయినను కౌటిల్యుని వాక్పారుష్యప్రకరణమును జదివినవాఁ డించుక యాఁగును. కాణుని గాణుఁడని నిజమే చెప్పి నిందించినవానికి మూఁడు పణములు దండము. లేని వైకల్యము నాపాదించి నిందించిన నాఱు పణములు. ఇఁక కాణుని, కుంటివానిని జూచి చక్కని కన్నులవాఁడా యని పొగడుచు నిందించినచోఁ బండ్రెండు పణములు. యాజ్ఞవల్క్యుఁడును సత్యముగాఁ గాని, అసత్యముగాఁ గాని, పొగడ్తరూపమునఁ గాని వికలాంగులను ఆక్షేపించుట నొకే కోవలోఁ జేర్చి పండ్రెండున్నర పణములు విధించెను. నేఁటి పేళ్లు పెట్టినవారు నిందింపఁదలఁపలేదు. కావున దండమునకుఁ బ్రసక్తి లేదు. అయినను, లేని యలంకారమును దేహమునకుఁ దగిలించుట యవమానముగాఁ బరిణమింపఁగలదని ప్రాచీనుఁ డెఱిఁగి, దానిని నిజము చెప్పి నిందించుటకన్న నాలుగు రెట్లు తూఁచెను. నామమాత్రము మాఱి విభక్తి మాఱకున్నచో వాక్యార్థము మాఱదు. ఈ వ్యాసమున 'అంగవికలుఁ' డనియే వ్రాయుచున్నాను. పాణినిసూత్ర మాలోచించినవారి కందు దోషము గోచరింపదు.

విభక్తి మాట చెప్పితిని. కర్త యెవఁడు? స్వతంత్రుఁడు కర్త యని పాణిని (1.4.54). సంప్రదాన మెవఁడు? కర్త దానకర్మముచే నెవనిని జేరఁగోరునో వాఁడు (1.4.32). మన రాజ్యాంగము నిప్పు డీ కంటితోఁ జదువుదము. ఏడవ షెడ్యూలు రాష్ట్రజాబితాలోఁ దొమ్మిదవ పద్దు: వికలురకును, పని చేయఁజాలనివారికిని సహాయము. చతుర్థి. 41వ యధికరణము నిరుద్యోగ వార్ధక్య రోగ వైకల్యములయందు ప్రభుత్వసహాయము. మరలఁ జతుర్థియే. 73వ సవరణముచే 1993 ఏప్రిలులో నమలునకు వచ్చిన పదునొకండవ షెడ్యూలు పంచాయతుల కప్పగింపఁదగిన 29 విషయములలో 26వదిగా, వికలురయొక్కయు, బుద్ధిమాంద్యము గలవారియొక్కయు సంక్షేమముతోఁ గూడిన సాంఘికసంక్షేమమును జెప్పినది. అదే సంవత్సరము జూనులో నమలునకు వచ్చిన 74వ సవరణమునందలి పండ్రెండవ షెడ్యూలు తొమ్మిదవ పద్దులో నట్టివారితోఁ గూడిన బలహీనవర్గముల ప్రయోజనములను గాపాడుట యనినది. పల్లెలో 'సంక్షేమము', పట్టణమున 'ప్రయోజనరక్షణము'. ఒకే పార్లమెంటు, ఒకే వేళ, రెండు మాటలు. రక్షణమునకు ముందే ప్రయోజనము గలవాఁ డొకఁ డుండవలెను; సంక్షేమమునకుఁ బుచ్చుకొనువాఁ డుండినఁ జాలును. పట్టణపువాని వ్యాకరణ మించుక మెఱుఁగని చెప్పవచ్చును. ఇది రచయితలు తెలిసి చేసిన భేద మని నేను నమ్మను. అజాగ్రత్తచే జాఱిన పాఠభేదమే యైనను, పాఠభేదము లర్థమును మార్చు ననుట మనకుఁ గ్రొత్త గాదు.

ఇంతకన్న ముఖ్యమైనది 243-జీ అధికరణమునందలి క్రియ. రాష్ట్రశాసనసభ పంచాయతులకు నీ విషయములలో నధికారము 'ఈయవచ్చును'. 'ఈయవలెను' కాదు. మీమాంసకులు విధికిని, అభ్యనుజ్ఞకును గల భేదమునకు నెంత కాలము వెచ్చించిరో మన మెఱుఁగుదుము. షెడ్యూలులో 26వ పద్దున్నదని పంచాయతికి ధనమును, సిబ్బందియు, నధికారమును వచ్చినట్లు గాదు. ఇఁక 243-డీ, 243-టీ అధికరణములు షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు స్థానములను బ్రత్యేకించినవి. అంగవికలుర కందుఁ జోటు లేదు. 243-ఎఫ్ అనర్హతల నిర్ణయమును రాష్ట్రశాసనములకు విడిచినది. ఆ సందుననే వెనుక జెప్పిన 1920 నాఁటి పంక్తి వంటివి బ్రదికి యుండఁగలిగినవి.

2016వ సంవత్సరపు చట్టము 2017 ఏప్రిలు 19న నమలునకు వచ్చెను. అందు స్థానికసంఘము ప్రభుత్వముతోఁ గలిసి పలుచోట్లఁ బేర్కొనఁబడినది. ఇది మేలైన మార్పు. 37వ విభాగము వ్యవసాయభూముల, గృహముల కేటాయింపులందును, దారిద్ర్యనిర్మూలన పథకములందును, నిర్ణీతపరిమాణమునకు మించిన వైకల్యము గలవారికి నూటి కైదు వంతుల నుంచవలెనని విధించినది. స్త్రీలకుఁ బ్రాధాన్య మీయవలెననెను. ఇది భరణము గాదు, అంశము. అంశశబ్దము నిచ్చట మొదటిసారిగా దాని సహజార్థమున వాడవచ్చును. 44వ విభాగము, సుగమ్యతానియమములను బాటింపని కట్టడమున కనుమతి లేదనెను. 45వ విభాగము, ఉన్న ప్రజాభవనములను నియమములు వెలువడిన నాఁటినుండి యైదేండ్లలో సరిచేయవలెననెను. నియమములు 2017 జూనులో వెలువడినవి. కావున గడువు 2022 జూనుతోఁ దీఱినది. ఇదంతయు విధియే. కాని విధిని నమలుచేయుటకు వ్రాసిన 15వ నియమము, ప్రమాణములను సూచనలుగా మాత్రమే విడిచెను. చట్టము 'చేయవలెను' అని కట్టిన క్రియను నియమము 'చేసిన బాగుండును' అని చదివెను. దృష్టిలేని యొక హక్కుల కార్యకర్త 2005లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పుచు, ఈ నియమము మూలచట్టమునకు విరుద్ధమని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణములను వేఱుపఱచి మూఁడు నెలలలో వ్రాయుఁడని యాజ్ఞాపించెను. ఆ తీర్పున కాధారమైన పరిశీలననివేదికను వ్రాసినది హైదరాబాదునందలి నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్యాధ్యయనకేంద్రము. విధి నర్థవాదముగా మార్చు వ్యాఖ్యానమును ఖండించుట మన శబరస్వామి చేసిన పనియే. న్యాయాధిపతులు చేసినది శుద్ధమైన గ్రంథవిమర్శ మని నేను దలఁచుచున్నాను.

ఆ చట్టమునందే యొక మౌనము గలదు. 11వ విభాగము ఎన్నికలసంఘములు పోలింగు కేంద్రములను సుగమముగాఁ జేయవలెననియు, ఎన్నికల సామగ్రి వారికి సులభముగా బోధపడునట్లు చూడవలెననియుఁ జెప్పెను. వోటు వేయుటకుఁ ద్రోవ వేసినది. వోటు పొందుటను గూర్చి యొక మాట లేదు. 2007లో మన దేశ మంగీకరించిన అంతర్జాతీయ ఒడంబడిక 29వ యధికరణమున నభ్యర్థిగా నిలుచు హక్కును, పదవి నిర్వహించు హక్కును స్పష్టముగాఁ బేర్కొన్నది. మూలమున నున్న రెండు క్రియలలో నొకటి మన శాసనానువాదమున లోపించినది.

భరణమును జులకన చేయుట నా యభిప్రాయము గాదు. 2024 జూలై 1న ఆంధ్రప్రదేశమున అంగవికలుర పింఛను 3,000 నుండి 6,000 రూపాయలకును, మంచముపట్టిన వారికి 15,000 రూపాయలకును బెరిగి, గ్రామ, వార్డు సచివాలయముల యుద్యోగులచే నింటివాకిటనే యందింపఁబడినది. తెలంగాణమున 2023లో 3,016 నుండి 4,016 రూపాయలైనది. ఇంటిలో నొక మూలఁ గూర్చుండి వదినచేతి కూటికి నెదురుచూచువానికి నెలమొదట చేతఁబడిన యా సొమ్ము మాటను గొంత బలపఱచును. వండిన కూడు పెట్టువారు వానిని బేరుపెట్టి పిలుతురు. భరణముచే నింట నంశము గొంత సిద్ధించుట నిజము. కాని యాలోచింపుఁడు: పింఛను వాకిటికి వచ్చును, పింఛనుదారుఁడు సచివాలయమునకుఁ బోవుటకు దారి గలదా? ఇచ్చువాఁడు కదలును, పుచ్చుకొనువాఁడు కూర్చుండును. సంప్రదానమునకుఁ గదలిక యవసరము లేదు గదా!

స్థానికసంస్థ తానే కర్తయై చక్కఁగాఁ బనిచేసిన చోట్లు లేకపోలేదు. కేరళమున బుద్ధివికాసలోపము గల పిల్లలకై పంచాయతులు నడపు 'బడ్స్' పాఠశాలలలో మొదటిది 2004లోఁ దిరువనంతపురము జిల్లా వెంగానూరు పంచాయతియందు నెలకొన్నది. పంచాయతి గది, పంచాయతి సొమ్ము, పంచాయతి బాధ్యత: రాష్ట్రశాఖ దూరమునుండి పంపు దయకన్న నిది వేఱు. ఐనను నచ్చటను బిల్లవాఁడు చతుర్థిలోనే యున్నాఁడు. పిల్లవాఁడు గనుక నది సహజము. పెద్దవారు ప్రథమకు వచ్చిన యుదాహరణము మన ప్రాంతముననే యున్నది. 2000 తరువాతి దశకమున నుమ్మడి ఆంధ్రప్రదేశపు గ్రామీణదారిద్ర్యనిర్మూలన పథకముల నీడను వికలాంగుల పొదుపుసంఘములును, మండలసమాఖ్యలును బుట్టినవి. పద్దులు వ్రాయువారు, తీర్మానములు చేయువారు, అధ్యక్షులు, అందఱును అంగవికలురే. మండలకార్యాలయమునకుఁ బోయి ధ్రువపత్రముల సంగతి, బస్సుపాసుల సంగతి యడుగుచు వారు తమ కార్యము తామే నడపిరి. అవి పంచాయతికి వెలుపల నేర్పడిన సభలు. లోపలి సభయం దప్పటికిని వారికిఁ బీఠ లేదు.

పీఠ సంగతి 2025లోఁ దమిళనాటఁ దేలినది. ఆ సంవత్సరము ఏప్రిలులో నా రాష్ట్రశాసనసభ, పంచాయతులకును, పురపాలకసంఘములకును అంగవికలురను సభ్యులుగా నియమించుటకు రెండు చట్టసవరణములను ఆమోదించినది. బిల్లులను బ్రవేశపెట్టినపుడు చెప్పిన లెక్కనుబట్టి, నాఁటికిఁ బట్టణసంఘము లన్నింటఁ గలిపి యట్టి సభ్యులు 35 మంది మాత్రమే. సవరణముచేఁ బట్టణములందు సుమారు 650 మందికి, గ్రామపంచాయతులందు 12,913 మందికి, పంచాయతి యూనియనులందు 388 మందికి, జిల్లాపంచాయతులందు 37 మందికిఁ జోటు గలుగును. ఒక్కొక్క యూరిసభలో నొక్కఁడు. మెట్లు లేని దారి కావలెనని కాగితముపై నర్జీ పెట్టుకొనుట వేఱు. మెట్లు కట్టుటకు సొమ్ము మంజూరు చేయు తీర్మానము చదువఁబడునపుడు నా సభలోఁ గూర్చుండియుండుట వేఱు. యాజ్ఞవల్క్యుని పట్టికకు నూరిసభాప్రకరణమున నింత స్పష్టమైన సమాధానము మఱియొకటి నాకుఁ గనఁబడలేదు.

కాని శబ్దపరిశీలకుఁడు తన పని మానరాదు. 'నియమితుఁడు', 'ఎన్నికైనవాఁడు' అను రెండు పదములును గర్మార్థకములే. రెంటను సభ్యుఁడు కర్మస్థానముననే నిలుచును. భేద మా క్రియలకుఁ గర్త యెవఁడను దానిలోఁ గలదు. ఎన్నికకు నూరివారు కర్తలు. నియామకమునకుఁ బ్రభుత్వపక్షము కర్త. ఊరివారు పంపినవాఁడు సభలో నూరివారి తరఫునఁ బలుకును, వచ్చు నెన్నికలో వారికే సమాధానము చెప్పును. నియమింపఁబడినవాఁ డెవరికి సమాధానము చెప్పును? నియమించినవారికా, తనవంటి వారికా? ఈ సందేహముచేత నా శాసనమును జిన్నబుచ్చరాదు. ముప్పదియైదుగురున్నచోట వేలకొలఁది వచ్చుట మాటలు గాదు. ఐతే యిట్టి శాసనమును దెలుఁగునాఁట వ్రాయఁదలఁచిన వారు మూఁడు చోట్ల క్రియాపదమును జాగ్రత్తగా నెన్నుకొనవలసియుండును: సభ్యుని నియమించుట 'వచ్చును' అనియా, 'వలెను' అనియా, పేర్లను సూచించువా రధికారులా, అంగవికలుర సమాఖ్యలా, తీర్మానమునకు వోటు పెట్టునపు డా సభ్యుఁడు చేయి యెత్తవచ్చునా, కూడదా.